తోక దగ్గర చూసి రావడం

మెట్ట రైతు స్టార్టరు పచ్చ బటన్ నొక్కి ఇంటికి వచ్చేయడు. నందిగామ పక్క పల్లెల్లో రాత్రిపూట పత్తికో మిరపకో నీళ్లు పెట్టేవాళ్లని చూడండి. మోటారు గుంయ్‌మంటుంది, ఆంపియర్ ముల్లు లేస్తుంది, లైటు వెలుగుతుంది. అయినా టార్చిలైటు పట్టుకుని గట్టెమ్మట నడిచి, గొట్టం మూతి దాకా వెళ్లి, నీళ్లు పడుతున్నాయని చెయ్యి పెట్టి చూసుకుంటే గానీ వెనక్కి తిరగరు. ఫుట్‌వాల్వు కారి పంపులో నీళ్లు దిగిపోతే మోటారు ఆగదు. ఇంకా హాయిగా తిరుగుతుంది. బరువు లేదు కదా, మోత కూడా తేలిగ్గానే ఉంటుంది.

ఈ అధ్యాయం ఆ గట్టెమ్మట నడక గురించే. ఐటీఐయో డిప్లొమానో పాసై, జగ్గయ్యపేట వైపు ఏదో ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో ట్రైనీగా చేరబోయే పిల్లలు ఎదురుగా కూర్చున్నట్టు ఊహించుకుని రాస్తున్నాను. వేరే ఉద్యోగాల వాళ్లు చదివినా నష్టం లేదు. మధ్యలో పల్సులూ గ్యాపులూ వస్తాయి, కాస్త ఓర్చుకోండి.

2022 ఏప్రిల్‌లో మన ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది గానీ, కృష్ణా జిల్లా మెట్ట అంటేనే ఇప్పటికీ అందరికీ ఠక్కున తెలుస్తుంది. కింద డెల్టా అంతా వరి, మనకి రాయి. జయంతిపురంలో రామ్‌కో వాళ్లది, ముక్త్యాలలో కేసీపీ వాళ్లది, ఈ సిమెంటు ఫ్యాక్టరీలన్నీ మన నేల కింద ఉన్న సున్నపురాయిని చూసి వచ్చినవే. పేట పక్కన ధనబోడు దిబ్బ మీద బౌద్ధులు స్తూపానికి వాడిందీ సున్నపురాయి పలకలే. అక్కడ దొరికిన చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. చక్రవర్తి చుట్టూ సప్తరత్నాలు, అందులో ఒకటి చక్రం. చక్రం ఆగకుండా తిరిగినంత మేరా ఆయన రాజ్యమని లెక్క. అది నిజంగా తిరుగుతోందా లేదా అని చివర నిలబడి చూసే ఉద్యోగం ఆ కాలంలో ఎవరిదో తెలియదు గానీ, ఈ కాలంలో మనది.

సిమెంటు ఫ్యాక్టరీ అంటే బయటికి కనిపించేది పొగ గొట్టం, లోపల ఉండేవి బెల్టులు. క్వారీ నుంచి క్రషర్, అక్కడి నుంచి స్టాక్‌పైల్, ఆ తర్వాత మిల్లు, కిల్న్, సైలో. ఎక్కడికక్కడ బెల్టు కన్వేయరో స్క్రూ కన్వేయరో బకెట్ ఎలివేటరో ఉంటుంది. ఒక్కోదానికి తల ఒకటి, తోక ఒకటి. మామూలుగా మోటారు తల దగ్గర ఉంటుంది, అక్కడ అది తిప్పే పుల్లీని హెడ్ పుల్లీ అంటారు. రెండో కొసన ఉండేది టెయిల్ పుల్లీ. దాన్ని ఏ మోటారూ తిప్పదు. బెల్టు లాగితేనే తిరుగుతుంది.

కంట్రోల్ రూంలో, అంటే సీసీఆర్‌లో, ఆపరేటర్ తెర మీద కన్వేయర్ బొమ్మ పచ్చగా మారిందనుకోండి. ఆ పచ్చ రంగు ఎక్కడి నుంచి వస్తోంది? చాలాచోట్ల మోటారు స్టార్టర్లన్నీ ఉండే ఎంసీసీ గదిలోని కాంటాక్టరు పక్కన ఉండే చిన్న సహాయక కాంటాక్ట్ నుంచి. అది చెప్పేది ఒకటే మాట, కాంటాక్టరు పడిందని. మోటారు తిరిగిందో లేదో కూడా దానికి తెలియదు. మోటారు తిరిగినా గేర్‌బాక్సుకీ దానికీ మధ్య ఫ్లూయిడ్ కప్లింగ్ ఉంటుంది, ఒక గిన్నెలో నూనెని ఒక చక్రం తిప్పితే ఆ నూనె రెండో చక్రాన్ని తోస్తుంది. రెండో వైపు బిగుసుకుపోతే మొదటి వైపు ఆగదు, నూనెని చిలుకుతూ ఉంటుంది. నూనె కాగుతుంది. చివరికి కప్లింగ్‌కి ఉన్న ఫ్యూజిబుల్ ప్లగ్ కరిగి నూనంతా బయటికి చిమ్ముతుంది. అప్పటికీ మోటారు తిరుగుతూనే ఉంటుంది, తెర పచ్చగానే ఉంటుంది.

ఇది పుస్తకంలో చదివింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏ ఫ్యాక్టరీయో చెప్పను గానీ, ఒక బకెట్ ఎలివేటర్ షిఫ్టుకి రెండుసార్లు ఊరికే ట్రిప్ అయ్యేది. పోయి చూస్తే ఎలివేటర్‌కి ఏ రోగమూ లేదు. అడుగున బూట్ షాఫ్ట్ దగ్గర జీరో స్పీడ్ స్విచ్‌గా పెట్టిన ప్రాక్సీ ఉంది, అదే ‘ఆగింది, ఆగింది’ అని అరుస్తోంది. “ఏవయ్యా, మీ ప్రాక్సీకి పిచ్చి పట్టింది, దాని సంగతి చూడు” అన్నారు ఆపరేటర్ గారు. నేను చూసిన ‘సంగతి’ ఏమిటంటే, మిషన్లని నడిపే పీఎల్‌సీలో ఆ సిగ్నల్‌ని ‘తిరుగుతోంది’ అన్నచోట ఫోర్స్ చేశాను. రెండు నిమిషాల పని. అందరూ మెచ్చుకున్నారు. మూడో రాత్రి లోపల బెల్టు జారింది. పైనుంచి ఫీడింగ్ పడుతూనే ఉంది, బూట్ గొంతు దాకా నిండింది, బకెట్లు అందులో కూరుకుపోయాయి. నాకు తెలిసింది నూనె మాడిన వాసన వల్ల. తెల్లారేదాకా పారలతో తోడారు. వాళ్లలో ఒక పెద్దాయన చెమట తుడుచుకుంటూ అడిగాడు, “ఆగిపోయిన సంగతి మీ మిషన్‌కి తెలవలేదా బాబూ?” అని. తెలిసింది. నేనే దాని నోరు కట్టేశాను. ఆ మాట ఆయనతో అనలేక నీళ్ల బాటిల్ అందించాను.

తర్వాత తేలిన అసలు జబ్బు ఇంకా చిన్నది. ఎవరో ఆ ప్రాక్సీ బిగించే పట్టీని గట్టి ఫ్రేముకి కాకుండా గార్డు రేకుకి వెల్డింగ్ పెట్టారు. లోడు పెరిగితే రేకు ఊగేది, రేకుతోపాటు ప్రాక్సీ ఊగేది, గ్యాపు మారేది, పల్సు తప్పేది. పట్టీని కోసి అడుగు యాంగిల్‌కి అతికించడానికి 20 నిమిషాలు పట్టింది.

ఇప్పుడు ఆ ప్రాక్సీ లోపల ఏముందో చూద్దాం. పేరు ప్రాక్సిమిటీ స్విచ్. ఇత్తడి గొట్టం, దాని మీద మర, ముందు ప్లాస్టిక్ మూతి, వెనక కేబుల్. మూతి వెనక ఒక రాగి కాయిల్, దాన్ని కొట్టుకునేలా చేసే చిన్న సర్క్యూట్ ఉంటాయి. ఆ కాయిల్ మూతి ముందు వేగంగా మారే అయస్కాంత క్షేత్రాన్ని పరుస్తుంది. అందులోకి ఇనుప ముక్క వస్తే ఆ ముక్కలోనే సుడి కరెంట్లు పుడతాయి. అవి కాయిల్ శక్తిని తినేస్తాయి, సర్క్యూట్ ఊపు తగ్గుతుంది. ‘ఊపు తగ్గింది’ అన్న సంగతే స్విచ్ ఆన్ కావడం. ముక్క పక్కకి పోగానే ఊపు మళ్లీ వస్తుంది, స్విచ్ ఆఫ్. తగలక్కర్లేదు, అరుగుదల లేదు. 1958లో జర్మనీలో పెప్పర్ల్ ప్లస్ ఫుక్స్ వాళ్లు దీన్ని మొదట తయారుచేశారు. రసాయన ఫ్యాక్టరీల్లో మామూలు స్విచ్‌ల కాంటాక్టులు తుప్పు పట్టిపోతుంటే, తగలకుండా పనిచేసేది కావాలన్న అవసరంలోంచి పుట్టింది. మనకి దీని గొప్పతనం ఇంకొకటి. సున్నపురాయి దుమ్ము దీనికి కనపడదు. కాంతితో పనిచేసే సెన్సార్ అయితే మన ఫ్యాక్టరీలో ఒక్క షిఫ్టులో గుడ్డిదైపోతుంది. దీని మూతి మీద వేలు మందాన దుమ్ము పేరుకున్నా లోహం కాదు కాబట్టి పట్టించుకోదు.

షాఫ్ట్ చివర రెండో నాలుగో ఇనుప పలకలు బిగించి, వాటి దారిలో ప్రాక్సీని నిలబెడతాం. షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే నాలుగు పల్సులు. టెయిల్ పుల్లీ వ్యాసం 500 మిల్లీమీటర్లు, బెల్టు వేగం సెకనుకి 1.25 మీటర్లు అనుకోండి. పుల్లీ చుట్టుకొలత 1.57 మీటర్లు. అంటే నిమిషానికి దాదాపు 48 చుట్లు, నాలుగు పలకలకి 191 పల్సులు. ఈ లెక్క మీరు చేత్తో వేసుకుని, జేబులో పెట్టుకుని పోవాలి. తెర మీద వేరే అంకె కనిపిస్తే అప్పుడు మాట్లాడటానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

ప్రాక్సీ వెనక చిన్న ఎల్ఈడీ ఉంటుంది. కొత్తవాళ్లు అది వెలుగుతుంటే తృప్తిపడిపోతారు. “లైటు వెలుగుతోంది సార్, ప్రాక్సీ ఓకే.” అక్కడే పప్పులో కాలేస్తారు. పలక సరిగ్గా మూతి ముందుకి వచ్చినప్పుడు షాఫ్ట్ ఆగిపోయిందనుకోండి, లైటు వెలుగుతూనే ఉంటుంది, గంటలకొద్దీ. వెలగడం, ఆరడం, మళ్లీ వెలగడం: ఈ మార్పే తిరుగుడుకి సాక్ష్యం. నిలకడగా ఉన్న వెలుగు దేనికీ సాక్ష్యం కాదు.

ఇక్కడ ఫ్యాక్టరీ గోడ దాటి ఒక్క మాట. మన రోజువారీ పనుల్లో ఎక్కువ భాగం కాంటాక్టరు పక్కన ఉన్న ఆ చిన్న కాంటాక్ట్ మాటమీదే నడిచిపోతుంటాయి. “చెప్పేశాను సార్.” “మెయిల్ పెట్టాను.” “లారీ బయల్దేరింది” అంటారు, అది చిల్లకల్లు అడ్డరోడ్డులో టీకి ఆగి ఉంటుంది. ఇవి అబద్ధాలు కావు. తల దగ్గరి నిజాలు. మీ కింద పనిచేసేవాళ్లని అనుమానించమని నేను చెప్పడం లేదు. అడిగే ప్రశ్న మార్చమంటున్నాను. ‘ఆర్డరు పంపావా’ అని అడిగితే తల జవాబు చెబుతుంది, ‘స్టోర్‌లో సరుకు దిగిందా, ఎన్ని పెట్టెలు’ అని అడిగితే తోక చెబుతుంది. అలాగే ‘అంతా బాగానే ఉంది’ అని ఆరు నెలలుగా ఒకే మాట చెబుతున్న రిపోర్టు కనిపిస్తే, అది మూతి ముందు ఆగిపోయిన పలకేమో ఒకసారి లేచి వెళ్లి చూడండి.

రెండో జాతి సెన్సార్ మ్యాగ్నెటిక్ పికప్. దీనికి బయటి నుంచి కరెంటు అక్కర్లేదు. ఒక శాశ్వత అయస్కాంతం, దాని ముందు మెత్తని ఇనుప కడ్డీ, దాని చుట్టూ కాయిల్. ఎదురుగా పళ్ల చక్రం. పన్ను దగ్గరికొస్తే అయస్కాంత రేఖలు చిక్కబడతాయి, సందు వస్తే పలచబడతాయి. ఆ మార్పుకి కాయిల్‌లో వోల్టేజి పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సంగతి ఇదే. మీ ఇంటి ముందు నిలబెట్టిన స్ప్లెండర్‌లో ఇది ఉంది. ఇంజను పక్క కవర్ లోపల, మాగ్నెట్ చుట్టు అంచున ఒక బుడిపె, దాని ఎదురుగా చిన్న కాయిల్. నందిగామలో ఏ మెకానిక్‌ని అడిగినా పల్సర్ కాయిల్ అంటాడు. స్పార్క్ ఎప్పుడు కొట్టాలో ఇంజను ఎలక్ట్రానిక్స్‌కి చెప్పేది అదే. డీజిల్ జనరేటర్‌కి ఎలక్ట్రానిక్ గవర్నర్ ఉంటే, ఫ్లైవీల్ పళ్ల ఎదురుగా కూర్చున్నదీ ఇదే. 118 పళ్లు, 1500 ఆర్పీఎం అనుకుంటే సెకనుకి 2950 పల్సులు.

నందిగామ నుంచి విజయవాడ బస్సెక్కితే ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం గొట్టాలు కనిపిస్తాయి. 1979లో అక్కడ మొదటి 210 మెగావాట్ల యూనిట్ మొదలైంది. అలాంటి టర్బైన్ షాఫ్ట్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. టర్బైన్ల వేగం కొలిచే చక్రానికి చాలాచోట్ల 60 పళ్లు పెడతారు. ఎందుకు 60? నిమిషానికి 60 సెకన్లు కాబట్టి, సెకనుకి వచ్చిన పల్సుల లెక్కే సరాసరి ఆర్పీఎం అవుతుంది. భాగహారం అక్కర్లేదు. ఇలాంటి పొదుపు తెలివి చూస్తే నాకు ముచ్చటేస్తుంది. వేగం పదిశాతం పెరిగితే, అంటే 3300 చేరితే, ఆవిరి టక్కున ఆగిపోవాలి. అంత పెద్ద నిర్ణయాన్ని ఒక్క సెన్సార్ నోటికి వదలరు. మూడు పెడతారు, రెండు ఒకే మాటంటే అదే చెల్లుతుంది.

అయితే మ్యాగ్నెటిక్ పికప్‌కి ఒక లోపం ఉంది. వోల్టేజి పుట్టేది మార్పు వేగాన్ని బట్టి. నెమ్మదిగా తిరిగితే వోల్టేజి చాలదు, పన్ను వచ్చినా పోయినా దానికి తెలియదు. మన కిల్న్‌ని తీసుకోండి. నిమిషానికి నాలుగు చుట్లు తిరుగుతోందనుకుంటే ఒక చుట్టుకి 15 సెకన్లు. అక్కడ మ్యాగ్నెటిక్ పికప్ పెట్టి ఏం లాభం? అందుకే కిల్న్ వేగాన్ని మోటారు వెనక చుట్లు లెక్కపెట్టే ఎన్‌కోడర్‌తో కొలిచి గేరు నిష్పత్తితో భాగిస్తారు. నన్నడిగితే కిల్న్ దగ్గర కూడా ఒక ప్రాక్సీ ఉండాలనే అంటాను. మోటారు 1000 చుట్లు తిరిగితే కిల్న్ 4 తిరగాలన్నది లెక్క మాత్రమే, చూసింది కాదు. లోపల నిప్పుతో ఉన్న కిల్న్ ఆగిపోయి అలాగే ఉంటే దాని ఒళ్లు కిందికి వంగుతుంది. కరెంటు పోయినప్పుడు ఆక్సిలరీ డ్రైవ్‌తో మెల్లగా తిప్పుతూ ఉండటానికి పరుగులు పెట్టేది అందుకే.

హాల్ సెన్సార్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 1879లో ఎడ్విన్ హాల్ పలచని బంగారు రేకు మీద చూసిన విషయం అది: కరెంటు పారే రేకుకి అడ్డంగా అయస్కాంతం పెడితే పక్క అంచుల మధ్య చిన్న వోల్టేజి వస్తుంది. ఇది మార్పు కోసం చూడదు, అయస్కాంతం ఉంటే చాలు. అందుకని ఎంత నెమ్మదిగా తిరిగినా పట్టుకుంటుంది. మన బెల్టుల దగ్గర దీని అవసరం తక్కువ.

ఇప్పుడు కాస్త చిత్రమైన సంగతి. షాఫ్ట్ ఆగిందని చెప్పగల సెన్సార్ వీటిలో ఒక్కటీ లేదు. ఏదైనా చెప్పగలిగేది పల్సు వచ్చిందని మాత్రమే. రాకపోవడాన్ని మనమే వాచీ పట్టుకుని తేల్చాలి. నిమిషానికి 191 పల్సులు రావలసినచోట పల్సుకీ పల్సుకీ మధ్య సెకనులో మూడో వంతు కూడా ఉండదు. రెండు సెకన్లు చూసినా రాకపోతే ఆగిందని తీర్మానించుకోవచ్చు. ఆ గడువు మరీ తక్కువ పెడితే ఊరికే ట్రిప్, మరీ ఎక్కువ పెడితే బూట్ నిండాక ట్రిప్. పూర్తిగా ఆగేదాకా ఎందుకు, మామూలు వేగంలో 80 శాతానికి దిగగానే నేను ట్రిప్ పెడతాను. తల తిరుగుతూ తోక తిరగకపోతే బెల్టు హెడ్ పుల్లీ మీద రాసుకుంటున్నట్టే, అక్కడి నుంచి నిప్పుకి ఎంతో దూరం లేదు. మొదలుపెట్టేటప్పుడు బెల్టు వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అంతవరకు సెన్సార్ మాట వినకుండా ఒక టైమర్ ఉంటుంది. బెల్టు జారుతున్న రోజుల్లో ఆ టైమర్‌ని 10 నుంచి 20కి, 20 నుంచి 40కి పెంచుతూ పోతారు. అది చూస్తే జ్వరం తగ్గట్లేదని థర్మామీటర్ గీతలు చెరిపినట్టుంటుంది నాకు.

వేయింగ్ ఫీడర్ దగ్గర, అంటే సరుకుని బెల్టు మీదే తూచి పంపేచోట, పల్సు తప్పితే ట్రిప్ కూడా కాదు, చడీచప్పుడు లేకుండా మోసం జరుగుతుంది. మీటరు బెల్టు మీద 20 కిలోలు, వేగం సెకనుకి అర మీటరు. సెకనుకి 10 కిలోలు, గంటకి 36 టన్నులు. నాలుగు పలకల్లో ఒకటి ఊడిపడిపోయిందనుకోండి. కంట్రోలర్‌కి మూడే పల్సులు కనిపిస్తాయి. వేగం ముప్పావు వంతే ఉందనుకుంటుంది, 27 టన్నులే పోతున్నాయనుకుని మోటారుని పెంచుతుంది, తెర మీద మళ్లీ 36 కనపడేదాకా. నిజంగా పోయేది 48. తెర మీద అంతా సవ్యం. ల్యాబ్‌లో శాంపిల్ తేడా కొట్టేదాకా ఎవరికీ అనుమానం రాదు.

బిగించేటప్పుడు నాకు అలవాటైన పద్ధతి ఇది. 30 మిల్లీమీటర్ల ప్రాక్సీ 15 మిల్లీమీటర్ల దూరం చూస్తుందని డబ్బా మీద ఉంటే, నేను 7 దగ్గర పెడతాను. ఆ 15 అన్నది మెత్తని ఇనుప పలకకి. స్టెయిన్‌లెస్ అయితే తగ్గుతుంది, అల్యూమినియం అయితే సగానికి లోపే. పలక ప్రాక్సీ మూతికన్నా వెడల్పుగా ఉండాలి, పలకల మధ్య సందు అంతకు రెట్టింపు ఉండాలి, లేకపోతే ఒక పలక పోకముందే రెండోది వచ్చి లైటు ఆరదు. రెండు చెక్‌నట్లూ బిగించి, వాటి మీద పెయింట్ గీత ఒకటి గీయండి, వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. కేబుల్‌ని మోటారు కేబుల్‌తో ఒకే ట్రేలో పడుకోబెట్టొద్దు. మ్యాగ్నెటిక్ పికప్ అయితే గ్యాపు ఒక మిల్లీమీటరు లోపే, ఫీలర్ గేజ్ లేకుండా కంటిచూపుతో పెట్టొద్దు. పైగా అది అయస్కాంతం, గ్రైండింగ్ జరిగేచోట ఇనుప పొడి గడ్డంలా వేలాడుతుంది, తుడుస్తూ ఉండాలి. ఇవేవీ షట్‌డౌన్ పర్మిట్ తీసుకోకుండా, మోటారుకి తాళం వేయకుండా ముట్టుకోవద్దు. టెయిల్ పుల్లీ చెయ్యి లాగేసుకోవడానికి కన్ను మూసి తెరిచేంత కాలం చాలు.

చివరిగా పరీక్ష. చాలామంది మూతి ముందు స్పానర్ ఊపుతారు, లైటు వెలుగుతుంది, సంతకం పెట్టేస్తారు. స్పానర్‌ని చూసినంత మాత్రాన పలకల్ని చూస్తుందని ఏమిటి? మొన్న ఒక అమ్మాయి, కొత్తగా చేరిన ట్రైనీ, నా పక్కన ఉంది. “స్పానర్ పెట్టి చూశాను సార్, ఓకే” అంది. వాకీటాకీ తనకిచ్చి టెయిల్ దగ్గర, గార్డుకి బయట నిలబెట్టాను. నేను సీసీఆర్‌కి వెళ్లి పీఎల్‌సీలో ఆ పల్సుల కౌంటర్ సున్నా చేశాను. షిఫ్టువాళ్లు ఖాళీ బెల్టుని కొద్దికొద్దిగా కదిలించారు. పుల్లీ మీద సుద్దతో గీసిన గుర్తు తన ఎదుటికి వచ్చినప్పుడల్లా తను పైకి లెక్కపెట్టింది. మూడు చుట్లయ్యాక ఆపించి, “పన్నెండు రావాలి సార్” అంది.

నా దగ్గర పదకొండే ఉన్నాయి.

“మళ్లీ తిప్పించండి సార్,” అంది వాకీటాకీలో. “ఈసారి పలకల్నే చూస్తాను.”